సంతకం ఎవరిది?

వాదించుకున్నది ఇద్దరు. మేనత్త గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో నర్సింగు నేర్చుకుంది. ఉద్యోగమంతా ఆ వైపే చేసి, రిటైరయ్యాక కొడుకు దగ్గర ఉందామని నాదర్‌గుల్ వచ్చేసింది. ఇక్కడి లూథరన్ సంఘంలో స్త్రీల సమాజానికి సెక్రటరీ. మేనకోడలిది దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడిటర్ ఆఫీసులో ఉద్యోగం. ఈ మధ్యే సంఘ కమిటీకి ఎన్నికైంది. ఆ కమిటీలో ఆడమనిషి ఆమె ఒక్కతే. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు.

మేనకోడలు: అత్తా, డొంకతిరుగుడు లేకుండా చెప్తున్నా. స్త్రీల సమాజాన్ని కమిటీలో కలిపేద్దాం. కమిటీలో సగం సీట్లు ఆడవాళ్లకని నిబంధన రాయిద్దాం. ఒకే సంఘంలో ఈ వేరు కుంపటి ఎందుకు?

మేనత్త: వేరు కుంపటా? ఇన్నాళ్లూ మీ కమిటీ చలి కాచుకున్నది ఆ కుంపటి దగ్గరే కదే! రేకుల షెడ్డుకి స్లాబు పడిందంటే ఎవరి చలవ? ఇంటింటా పక్కన తీసిపెట్టిన గుప్పెడు బియ్యం డబ్బులు, పంట పండగలో వేలం పాట డబ్బులు. గుమ్మడికాయ పాట పెడితే మగాళ్లు మీసం మెలేసి పాడారు, నిజమే. ఆ గుమ్మడికాయ తెచ్చిందెవరు?

మేనకోడలు: ఆ మాటే నేనూ అంటున్నా. డబ్బు మీరు తెస్తారు, స్లాబు ఎప్పుడు వేయాలో, ఏ మేస్త్రీకి ఇవ్వాలో వాళ్లు తేలుస్తారు. శంకుస్థాపన రాయి మీద ఎవరి పేర్లున్నాయో ఒకసారి చూడు. ట్రెజరర్, సెక్రటరీ, పెద్దలు. అట్టడుగున చిన్న అక్షరాల్లో ‘స్త్రీల సమాజం సహకారంతో’ అని ఉంది. సహకారమట!

మేనత్త: రాయి మీద పేరు కోసమా మేం చేసింది?

మేనకోడలు: పేరు వద్దులే. నిర్ణయమైనా మీది కావాలిగా?

మేనత్త: నీకు నిర్ణయాలే కనిపిస్తాయి, పని కనిపించదు. నిరుడు ఎయిర్‌ఫీల్డు అవతల ప్లాట్ల దగ్గర పల్నాడు నుంచి వచ్చిన మేస్త్రీ పోయాడు చూడు. రాత్రి పదకొండింటికి కబురొచ్చింది. కమిటీ వాళ్లు పొద్దున్నే పెట్టె సంగతి, గోతి సంగతి చూశారు, కాదనను. ఆ రాత్రంతా అతని భార్య దగ్గర కూర్చున్నదెవరు? శవానికి స్నానం చేయించి, తెల్ల బట్ట కట్టి, చంటోడికి పాలు కలిపి, ఊరికి ఫోన్లు చేసింది ఎవరు? మూడో రోజు జ్ఞాపకార్థ కూడికకి వంట ఎవరు చేశారు? ఆరు నెలలు ఆ ఇంటికి బియ్యం పంపిందెవరు? ఇది ఏ కమిటీ ఎజెండాలో వస్తుంది? మినిట్స్‌లో ఎట్లా రాస్తావు దీన్ని?

మేనకోడలు: రాయాలి. రాయకపోతే అది పనిలో లెక్కకి రాదు.

మేనత్త: లెక్కకి రాకపోతే ఏం?

మేనకోడలు: ఏమంటే, సంవత్సరాంతం రిపోర్టులో ‘స్త్రీల సమాజం చక్కగా పనిచేసినది’ అని ఒక్క వాక్యం వస్తుంది, చప్పట్లు కొడతారు, అంతటితో సరి. వచ్చే ఏడాది బడ్జెట్టులో విధవరాళ్ల సాయానికి పైసా ఉండదు. అది మీరు ఎట్లాగూ చేస్తారుగా!

మేనత్త: వాదించడం బాగా నేర్చావే. ఒక కథ చెప్తా, కథ కాదు, చరిత్ర. నేను చదివిన ఆసుపత్రి ఎవరు కట్టారో తెలుసా? 1842లో మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చారు, అది అందరికీ తెలుసు, ప్రతి జూబిలీలో చెప్తారు. ఆసుపత్రి మాత్రం ఆయన మిషను డబ్బుతో రాలేదు. అమెరికాలో లూథరన్ ఆడవాళ్లు 1879లో ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో సమావేశమై సొంతంగా ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. దాని ఖజానా వేరు, దాని బోర్డు వేరు. ఆ సంఘం పంపితేనే 1883 నవంబరులో అన్నా కుగ్లర్ దొరసాని గుంటూరులో దిగింది. అప్పటికే ఫిలడెల్ఫియా ఆడవాళ్ల మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు. అన్నీ కలిపేసిన మిషను బోర్డు ఒక్కటే ఉంటే ఆవిడ వచ్చేదా? సర్దుబాటు అయితే చూద్దాం అని కాగితం పక్కన పెట్టేవారు.

మేనకోడలు: సగం చెప్పి వదిలేశావు అత్తా. మిగతా సగం నేను చెప్తా. కుగ్లర్ గారు డాక్టరుగా వెళ్తానని దరఖాస్తు పెడితే, వైద్యం పని మొదలుపెట్టడానికి మేమింకా సిద్ధంగా లేమని చెప్పింది ఎవరు? ఆ ఆడవాళ్ల సంఘమే. జెనానాల్లో చదువు చెప్పడానికి పంపారు ఆవిణ్ణి. ఘోషా ఇళ్లలో పలకా బలపం పట్టుకుని కూర్చోబెట్టారు ఒక డాక్టర్ని!

మేనత్త: పంపారుగా మరి! వచ్చిందిగా! వచ్చాక మందుల పెట్టె మూసుకుని కూర్చుందా? ఇళ్లకి పోతే నాడి పట్టించుకునేవాళ్లు. మగ డాక్టరు గడప లోపలికి రాకూడని రోజులు. పురుడు కష్టమైతే చావడమే. ఆ పరిస్థితి ఉత్తరాల్లో రాసి రాసి పంపింది. 1885 చివరికల్లా ఆ సంఘమే ఆవిణ్ణి వైద్య మిషనరీగా నియమించింది. రెండేళ్లు పట్టింది ఒప్పించడానికి. అదే మగాళ్ల బోర్డయితే?

మేనకోడలు: తెలియదు మనకి. ఊహ మీద వాదించకు.

మేనత్త: సరే, ఊహ వద్దు, ఇటుకలు చూడు. 1890ల్లో ముందు డిస్పెన్సరీ లేచింది, తర్వాత ఆసుపత్రి. డబ్బు పంపింది ఆ ఆడవాళ్లు. ఏ ఊరి స్త్రీల సమాజం ఏ మంచానికి డబ్బిచ్చిందో కూడా వాళ్లకి లెక్క ఉండేది. ఏలూరు రాజా గారు వైద్యం గుణం చూసి, ఆసుపత్రికి వచ్చేవాళ్ల కోసం ఎదురుగా సత్రం కట్టించారు. ఆవిడ 1930లో గుంటూరులోనే పోయింది, దాదాపు నలభై ఏడేళ్లు. ఆవిడ చూపిన దారిలోనే రాజమండ్రిలో లిడియా వోర్నర్, చీరాలలో మేరీ బేర్. అందరూ ఆడ డాక్టర్లే, అన్నీ ఆడవాళ్ల ఆసుపత్రులే. నేను తెల్లచీర కట్టుకుని థర్మామీటరు పట్టుకున్నానంటే ఆ వేరు కుంపటి పుణ్యమే!

మేనకోడలు: పుణ్యం ఒప్పుకుంటా. దాంట్లో నాకు నచ్చింది వేరు కుంపటి కాదు, వేరు ఖజానా. ఆ ఖజానా తాళం చెవి వాళ్ల దగ్గర ఉంది. ఇప్పుడు నేనొకటి అడుగుతా, కోప్పడకు. మన సమాజం ఎకౌంటు ఏ బ్యాంకులో ఉంది?

మేనత్త: సాగర్ రింగ్ రోడ్డు బ్రాంచిలో. ఎందుకు?

మేనకోడలు: చెక్కు మీద సంతకం ఎవరిది?

మేనత్త: సమాజం ప్రెసిడెంటుది... సంఘం ట్రెజరర్‌ది.

మేనకోడలు: సంఘం ట్రెజరర్ ఆడమనిషా?

మేనత్త: సౌకర్యం కోసం పెట్టాంలే. ఎకౌంటు తెరిచే రోజుల్లో మాలో పాన్ కార్డు ఉన్నవాళ్లు తక్కువ. ఆయన మంచివాడు. ఒక్కసారైనా కాదన్నాడా?

మేనకోడలు: కాదనాల్సిన పని పడనే లేదుగా. కాదంటాడేమోనని మీరే అడగడం మానేశారు. విధవరాళ్లకి కుట్టు మిషన్లు కొందామని తీర్మానం చేసుకుని, చివరికి ఆ డబ్బు పాస్టరు గారి క్వార్టర్స్‌కి రంగులకి ఇచ్చారే, అది ఎవరి నిర్ణయం?

మేనత్త: బిషప్ గారు వస్తున్నారన్నారు. గోడలు పెచ్చులూడి ఉన్నాయి. తప్పా?

మేనకోడలు: తప్పని కాదు. తీర్మానం ఒకటి, ఖర్చు ఒకటి. ఆడిట్‌లో నేనైతే ఎర్ర పెన్నుతో చుట్టేదాన్ని.

(ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండలేకపోతున్నాను. స్త్రీల సమాజాల మీద వచ్చే వ్యాసాలన్నీ రెండే రెండు తలుపులు తడతాయి: సేవ ఎంత గొప్పది, పల్పిటు ఎప్పుడిస్తారు. రెండూ అవసరమైన ప్రశ్నలే. కానీ మన పొదుపు సంఘాల్లో నాలుగక్షరాలు కూడబలుక్కునే ఆడవాళ్లు తీర్మానాల పుస్తకం, పొదుపు పుస్తకం, అప్పు పుస్తకం వేరువేరుగా పెట్టి, బ్యాంకు మేనేజరు ముందు నిలబడి వాదిస్తున్న కాలంలో, వాళ్ల కన్నా ఎక్కువ చదివిన చర్చి ఆడవాళ్లకు ఒక్క నోటుబుక్కు, దాంట్లో సగం ప్రార్థన విన్నపాలు! ఈ తేడా గురించి ఎవరూ రాయరు.)

మేనత్త: సరే, సంతకం మారుద్దాం. అంతమాత్రానికి సమాజాన్నే ఎత్తేయాలా? నువ్వే అంటున్నావు ఖజానా వేరుగా ఉండాలని. కమిటీలో కలిపితే ఖజానా మిగులుతుందా?

మేనకోడలు: కమిటీలోనే సగం మంది మనమైతే ఖజానా అంతా మనది కూడా అవుతుంది. ప్రపంచం ఎటు పోతోందో చూడు. లూథరన్ ప్రపంచ సమాఖ్య 1984లో బుడాపెస్టు సభలోనే ప్రతినిధుల్లో 40 శాతం స్త్రీలుండాలని పెట్టుకుంది. ఇప్పుడు దాని జనరల్ సెక్రటరీ ఎస్టోనియాకి చెందిన ఆనీ బుర్గార్ట్, ఆడ పాస్టరు. హాంబర్గ్‌లో 1992లోనే మరియా యెప్సెన్ బిషప్ అయింది. అంత దూరం ఎందుకు, నంద్యాలలో సి.ఎస్.ఐ. వాళ్లకి 2013లో పుష్పలలిత గారు బిషప్ కాలేదా? కర్నూలు జిల్లా దిగువపాడు పల్లెటూరి మనిషి. మన ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం, ఏ.ఇ.ఎల్.సి.లో కూడా ఆడ పాస్టర్లు ఉన్నారు. ఇదంతా సమాజాల్లో మూలన కూర్చుంటే వచ్చిందా?

మేనత్త: బిషప్‌లు వచ్చారు, సంతోషం. ఏ ఊళ్లో ఎంతమంది ఆడ పాస్టర్లకి పెద్ద పారిష్ ఇచ్చారో అది చెప్పు. కుర్చీ ఇవ్వడం తేలికే అమ్మాయ్, కుర్చీకి బలం కావాలి. సర్పంచు సీటు ఆడవాళ్లకని రిజర్వు చేస్తే ఎన్ని ఊళ్లలో మొగుడు తిరగలేదు జీపులో? నిన్ను కమిటీలో కూర్చోబెట్టారు, మొదటి మీటింగులో ఏం పని అప్పజెప్పారు?

మేనకోడలు: ...టీ, బిస్కెట్లు.

మేనత్త: అది చెప్పు!

మేనకోడలు: సరే, అది పడింది నాకు. కానీ ఒక్కదాన్ని కాబట్టి అట్లా అడిగారు. ఆరుగురం ఉంటే అడిగేవాళ్లు కాదు.

మేనత్త: ఆరుగురు ఎక్కణ్ణుంచి వస్తారు? మీటింగులో నిలబడి మాట్లాడటం ఎక్కడ నేర్చుకుంటారు? స్త్రీల సమాజంలోనే. మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థనా దినం వస్తుంది. ఆ రోజు గుడి అంతా మాదే. వాక్యం మేమే చెప్తాం, కానుక మేమే పడతాం, ఆరాధన క్రమం మేమే నడుపుతాం. మైకు పట్టుకుంటే చేతులు వణికే ఆవిడ మూడేళ్లలో అరగంట వాక్యం చెప్పే స్థాయికి వచ్చింది. మగాళ్లున్న కమిటీలో ఆవిడ నోరు తెరిచేదా? రాజమండ్రిలో బి.వి. సుబ్బమ్మ గారి సంగతి విన్నావా? గుంటూరు జిల్లా బోడిపాలెంలో కమ్మవారి ఇంటి నుంచి వచ్చిన మనిషి. లూథర్‌గిరిలో ఆడవాళ్ల బైబిలు శిక్షణ పాఠశాల నడిపింది, ఆశ్రమాలు పెట్టింది. గడప దాటి గుడికి రాలేని ఆడవాళ్లు నేల మీద చాప పరుచుకుని, భజన పాడుకుని, ప్రార్థన చేసుకునే చోటు అది. 1970లో ఇంగ్లీషులో పుస్తకం రాసింది, మిషనరీలు చదివి వాదించుకున్నారు దాని మీద. ఆవిడ ఏ కమిటీలో సగం సీట్ల కోసం కూర్చుని ఎదురుచూడలేదు. తన చోటు తను కట్టుకుంది.

మేనకోడలు: సుబ్బమ్మ గారి ఆశ్రమానికి ఎవరు వచ్చేవారు? గుడిలో మనవాళ్ల పక్కన కూర్చోలేని పెద్ద కులాల ఆడవాళ్లు. ఆ ఆలోచన మీద అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. గుడిని మార్చకుండా గుడి పక్కన ఇంకో చోటు పెడితే, గుడి మారాల్సిన అవసరమే పోతుంది కదా?

మేనత్త: గుడి మారేదాకా వాళ్లు బయటే నిలబడాలా?

మేనకోడలు: అదొక ప్రశ్నే. ఒప్పుకుంటా. పోనీ మన సమాజానికే రా. మీటింగు ఎప్పుడు?

మేనత్త: బుధవారం మూడింటికి.

మేనకోడలు: బుధవారం మూడింటికి నేనెక్కడుంటా? దిల్‌సుఖ్‌నగర్‌లో జి.ఎస్.టి. రిటర్నులు వేస్తూ ఉంటా. ఆదిబట్ల కంపెనీల్లో షిఫ్టు చేసే పిల్లలు ఎక్కడుంటారు? ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో వంటచేసే మరియమ్మలు, సువార్తమ్మలు ఎక్కడుంటారు? నాలుగిళ్లలో అంట్లు తోమే వాళ్లు? బుధవారం మూడింటికి రాగలిగేది ఎవరు? పెన్షన్ ఉన్నవాళ్లు, కోడళ్లున్నవాళ్లు, మొగుడి జీతం మీద ఇంట్లో ఉన్నవాళ్లు. అందుకే సెక్రటరీ, ట్రెజరర్ పదవులు ఎప్పుడూ ఆ నాలుగిళ్లలోనే తిరుగుతాయి. పని మనుషులుగా బతికే అమ్మలు సమాజంలో ఏం చేస్తారు? పండగ రోజు విస్తళ్లు ఎత్తుతారు. మనవాళ్లే మనవాళ్ల చేత ఎత్తిస్తారు.

మేనత్త: ఆ మాట కొంచెం గట్టిగానే అన్నావు.

మేనకోడలు: గట్టిగా అనకపోతే వినపడట్లేదు. ఇంకొకటి. మన సమాజం ప్రెసిడెంటు ఎవరు?

మేనత్త: పాస్టరమ్మ.

మేనకోడలు: ఆవిణ్ణి ఎప్పుడు ఎన్నుకున్నారు?

మేనత్త: పాస్టరమ్మని ఎన్నుకోవడమేంటే? అది ఆనవాయితీ. పాస్టరు గారు బదిలీ అయి వస్తే ఆయన భార్య ప్రెసిడెంటు. పాపం, ఆవిడ అడిగి తెచ్చుకుందా ఆ పదవి? ఆవిడకి జీతం లేదు. పిల్లల చదువులు, ఇంటికొచ్చేవాళ్లకి టీలు, ప్రతి చావుకీ, ప్రతి పుట్టినరోజుకీ ఆవిడ ఉండాలి. ఉద్యోగం చేసుకుందామన్నా కుదరదు. మొగుడికొచ్చిన పిలుపుకి ఆవిడ పనిచేస్తోంది.

మేనకోడలు: చూశావా! ఆవిడకి కూడా అన్యాయమే. స్త్రీల నాయకత్వం అంటావు, ఆ నాయకురాలిని నిర్ణయించేది పాస్టర్ల బదిలీ లిస్టు. ఆయన బదిలీ అయితే మీ నాయకురాలు కూడా సామాను సర్దుకోవాలి.

మేనత్త: దీనికి నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ కాలం నుంచి అట్లాగే ఉంది.

మేనకోడలు: అమెరికాలోనే ఇంకో లూథరన్ ఆడవాళ్ల సంఘం ఉంది. 1942లో షికాగోలో పెట్టుకున్నారు, మిస్సోరి సినాడ్ అనే సంఘం వాళ్లది. వాళ్ల ఇళ్లలో చిన్న చిన్న అట్టపెట్టెలుంటాయి, చిల్లర వేస్తారు, మన గుప్పెడు బియ్యం లాగే. రెండేళ్లకోసారి మహాసభ. ఆ చిల్లరంతా ఏ దేశంలో ఏ పనికి ఎంత ఇవ్వాలో ప్రతినిధులు ఓటేసి తేలుస్తారు. ఆ సినాడ్‌లో ఆడవాళ్లకి పాస్టరుగా అభిషేకం ఈ రోజుకీ లేదు. అంటే పల్పిటు లేదు, పద్దు మాత్రం వాళ్లదే.

మేనత్త: నా మాట నువ్వే చెప్తున్నావు!

మేనకోడలు: చెప్తున్నా. అది నాకు సరిపోదని కూడా చెప్తున్నా. పద్దు ఇచ్చి పల్పిటు ఇవ్వకపోవడం ఒక రకం మోసం. మన దగ్గర కొందరికి పల్పిటు ఇచ్చారు, పద్దు మాత్రం ట్రెజరర్ సంతకం కిందే ఉంది.

మేనత్త: నాకు సరిపోతుంది. పద్దు ముందు. కుగ్లర్ దొరసాని పల్పిటు ఎక్కలేదు, ఆసుపత్రి కట్టింది.

మేనకోడలు: ఆ ఆసుపత్రి తర్వాత ఎవరి చేతికి వచ్చింది? పెద్ద సంఘం ఏ.ఇ.ఎల్.సి. చేతికి. ఆడవాళ్లు ఒక్కో మంచానికి డబ్బు పోగేసి కట్టిన ఆస్తి. ఇవాళ ఆ పెద్ద సంఘంలో ప్రెసిడెంటు ఎవరన్న తగాదాలు హైకోర్టు మెట్లెక్కాయి. ఆ తగాదాల్లో ఇటు గానీ అటు గానీ ఒక్క ఆడమనిషి పేరు నేను వినలేదు. ఖజానా మనదిగా ఉన్నా, పై కమిటీలో మనం లేకపోతే చివరికి జరిగేది ఇదే అత్తా. అందుకే సగం సీట్లు అడుగుతున్నా.

(మేనత్త దీనికి వెంటనే బదులివ్వలేదు. నా దృష్టిలో మేనకోడలి వాదనలో బలమైన ముక్క ఇదే. కోర్టు దాకా పోని సంఘం ఉంటే గింటే ఉండొచ్చు గానీ, ఆస్తి ఉన్నచోట ఆడవాళ్లు లేకపోవడం మన సంఘాల్లో కొత్త సంగతి కాదు.)

మేనత్త: సగం సీట్లు అడుగు. నేనూ చెయ్యెత్తుతా. సమాజాన్ని ఎత్తేయడానికి మాత్రం ఎత్తను. ఇంకోటి విను. నువ్వు కమిటీలో గొడవ పడి బయటికొచ్చిన రోజు, నీకు వెనక నిలబడేది ఎవరు? సమాజమే. అది లేకపోతే నిన్ను ఆ కమిటీలో రెండు మీటింగుల్లో అలవాటు చేసేస్తారు. నువ్వు కూడా ‘సహకారంతో’ అని రాస్తావు.

మేనకోడలు: అట్లాంటి మాటలకి నేను లొంగను.

మేనత్త: లొంగొద్దు. బుధవారం మీటింగుని ఆదివారం ఆరాధన అయ్యాక పెడదాం. వంటపని ఉందంటారు కొందరు, గంట చాలు. ప్రెసిడెంటుకి ఎన్నిక పెడదాం. పాస్టరమ్మ నొచ్చుకుంటుంది.

మేనకోడలు: నొచ్చుకోదు. నాకు తెలిసి ఊపిరి పీల్చుకుంటుంది.

మేనత్త: అయితే నువ్వే వెళ్లి చెప్పు.

మేనకోడలు: నేనా? నువ్వు సెక్రటరీవి!

మేనత్త: నువ్వు కమిటీ మెంబరువి. అంత ధైర్యం లేకపోతే సగం సీట్లెందుకు? పోనీ ఇద్దరం పోదాం. బ్యాంకు సంగతి కూడా తేలాలి. ట్రెజరర్ సంతకం తీసేయాలంటే ఏం కావాలి?

మేనకోడలు: సమాజం తీర్మానం, కొత్తగా సంతకం చేసేవాళ్ల ఆధార్, పాన్, ఫోటోలు. పాత సంతకందారు ఒప్పుకుంటూ ఉత్తరం ఇస్తే పని తొందరగా అవుతుంది. తీర్మానం నేను రాస్తా: ‘ఇకపై స్త్రీల సమాజం నిధులను సమాజ సభ్యులు ఎన్నుకొన్న ఇద్దరు స్త్రీల ఉమ్మడి సంతకంతో మాత్రమే...’

మేనత్త: ఇద్దరు కాదు, ముగ్గురని రాయి. ఎవరైనా ఇద్దరు చేస్తే చాలు. ఒకళ్లు ఊరికి పోయారనుకో, చావు ఇంటికి డబ్బు ఆగకూడదు.

మేనకోడలు: రాశా. ముగ్గురిలో ఒకళ్లు ఇళ్లల్లో పనిచేసే అమ్మల్లోంచి ఉండాలి. అది కూడా రాస్తున్నా.

మేనత్త: చదువు రానివాళ్లు ఉంటారే.

మేనకోడలు: వేలిముద్రకి బ్యాంకులో పద్ధతి ఉంది. డ్వాక్రా పొదుపు సంఘాల్లో వాళ్లు ఎన్నిసార్లు డబ్బు తీయలేదు!

మేనత్త: రాయి మరి. ట్రెజరర్ ఉత్తరం సంగతి నేను చూసుకుంటా. వాళ్లావిడకి రెండు కాన్పులూ నా చేతి మీదే అయ్యాయి, కాదనడు.

మేనకోడలు: ఇదంతా అయినా, వచ్చే జనరల్ బాడీలో విలీనం తీర్మానం మాత్రం నేను పెడతా అత్తా. ముందే చెప్తున్నా.

మేనత్త: పెట్టు. అప్పటికి మా పద్దులో ఎంతుందో చూసి మరీ పెట్టు.